టైమర్ మార్చినా ఆరని లైట్లు: ఒక అపార్ట్‌మెంట్ కామన్ ప్యానెల్ కేసు

హైదరాబాద్ పడమటి వైపు ఒక అపార్ట్‌మెంట్. రెండు బ్లాకులు, కింద సెల్లారు, దానిమీద స్టిల్ట్, పైన అయిదంతస్తులు, వందకు కాస్త అటూఇటుగా ఫ్లాట్లు. పేరూ ఏరియా అక్కర్లేదు, ఇలాంటివి ఊరంతా ఉన్నాయి. నాది కంట్రోల్ ప్యానెళ్ల పని, అంటే అందరికీ కలిపి ఉన్న లైట్లు, మోటార్ల స్విచ్చులు, టైమర్లు ఉండే పెట్టెల పని. టైమర్ పాడైందని పిలిచే చోట్ల టైమర్ నిజంగా పాడైంది తక్కువ. ఈ కేసులో ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు సమస్యలు ఒకే పేరు మీద తిరిగాయి, కమిటీ మీటింగుల్లో అన్నిటికీ కలిపి "టైమర్ ప్రాబ్లం" అనేవారు. అందుకే రాసిపెడుతున్నాను.

ముందు సంగతి

బిల్డర్ అప్పగించినప్పుడు ప్యానెల్లో ఉన్నవి డయల్ టైమర్లు. గుండ్రటి డయల్, చుట్టూ చిన్న చిన్న పళ్లు, ఒక్కో పన్ను 15 నిమిషాలు, మొత్తం 96. ఏ టైములో లైటు వెలగాలో ఆ పళ్లను జరిపితే చాలు. చవక, చూడగానే అర్థమవుతుంది. కానీ వీళ్లకు పెట్టినవి బ్యాటరీ లేని రకం, కరెంటు పోయినంతసేపూ డయల్ ఆగిపోతుంది. అప్పట్లో జనరేటర్‌కి ఆటో చేంజోవర్ కూడా లేదు, వాచ్‌మన్ వెళ్లి స్టార్ట్ చేస్తేనే. పగటిపూట అసలు వేసేవారే కాదు. రోజుకు పది నిమిషాలు కరెంటు పోయిందనుకోండి, నెల తిరిగేసరికి డయల్ అయిదు గంటలు వెనకబడుతుంది.

దాంతో డిజిటల్ టైమర్లు వేయించుకున్నారు. ప్యానెల్లో 35 మిల్లీమీటర్ల రైలు మీద ఎంసీబీల (కరెంటు ఎక్కువైతే ట్రిప్ అయ్యే స్విచ్చులు) పక్కనే కూర్చునేవి, 230 వోల్టులవి, వారంలో ఏ రోజుకు ఆ రోజు ప్రోగ్రాం పెట్టుకునేవి, లోపల లిథియం సెల్ ఉన్నవి. ఎ బ్లాకుకు మన దేశపు కంపెనీది, బి బ్లాకుకు క్వాలిటీ బాగుంటుందని యూరప్ తయారీది. ఈ తేడా గుర్తుంచుకోండి. లైట్లతో పాటు సంప్ నుంచి పైట్యాంకుకు ఎక్కించే మోటార్లు, ఎస్టీపీకి (మురుగు నీటిని శుద్ధిచేసే ప్లాంటు) గాలి కొట్టే బ్లోయర్లు కూడా టైమర్ల మీదికే ఎక్కించారు. జనరేటర్‌కి ఆటో ప్యానెల్ కూడా ఆ విడతలోనే వచ్చింది.

నన్ను పిలిచేనాటికి ఫిర్యాదులు

బి బ్లాకులో మెట్ల లైట్లు, సెల్లారు లైట్లు పగలంతా వెలుగుతున్నాయి. కొన్ని రోజులు పొద్దున్నే ట్యాంకు పొర్లుతోంది, కొన్ని రోజులు ఏడింటికే కుళాయిలు ఖాళీ. సాయంత్రం పూట కరెంటు పోతే జనరేటర్ లోడు తీసుకున్నట్టే తీసుకుని ట్రిప్ అవుతోంది. వీటికి తోడు, బ్లోయర్ల చప్పుడుకు నిద్ర పట్టడం లేదని కింది ఫ్లాట్లవాళ్ల గొడవ.

కమిటీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. బి బ్లాకు టైమర్‌ను అంతకుముందే మార్చించారు, అదే కంపెనీది, అదే మోడల్. అది కూడా "పాడైతే" వెలుతురును బట్టి పనిచేసే సెన్సర్ ఒకటి పెట్టి చూశారు. దాన్ని బిగించింది కాంపౌండ్ లైటు కిందే. చీకటి పడగానే లైటు వెలిగేది, ఆ వెలుగు సెన్సర్ మీదే పడి తెల్లారిందనుకుని ఆరిపోయేది, మళ్లీ వెలిగేది. రాత్రంతా అదే వరస. రెండు రోజులకే పీకేశారు. నీళ్లకేమో పొద్దున గంటన్నర ఉన్న ప్రోగ్రాంను రెండు గంటలు చేశారు, పొర్లుతోందంటే గంట చేశారు, చాలట్లేదంటే మళ్లీ పెంచారు.

బి బ్లాకు లైట్లు

సెక్రటరీ గారు కొత్త టైమర్ తెచ్చి టేబుల్ మీద పెట్టే ఉంచారు. "ముందిది వేసేయండి, మిగతావి తర్వాత చూద్దాం" అన్నారు. వేస్తే ఆ రోజుకు బాగయ్యేది, అందుకే వేయలేదు. ఆధారమంతా పాత టైమర్ తెరమీదే ఉంటుంది, దాన్ని పీకి పక్కన పడేస్తే అది కూడా పోతుంది. ఇలాంటప్పుడు తెరమీద నేను చూసేవి నాలుగు: గంట, వారం, మోడ్, రిలే గుర్తు (లైట్లకు కరెంటు ఇచ్చే లోపలి స్విచ్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పేది). వారం సరిగ్గానే ఉంది. మోడ్ ఆటోలో లేదు, పర్మనెంట్ ఆన్‌లో ఉంది. గంట చూస్తే సరిగ్గా అరవై నిమిషాలు ముందుంది.

నన్ను ఆపింది ఆ అరవై నిమిషాలే. గడియారం తప్పితే ఏడు నిమిషాలో ఇరవైమూడు నిమిషాలో తప్పుతుంది. లోపల గడియారాన్ని నడిపే క్వార్ట్‌జ్ స్ఫటికం వేడికి కాస్త నెమ్మదిస్తుంది, ప్యానెల్ ఏడాది పొడుగునా 45 డిగ్రీల్లోనే ఉందనుకున్నా ఏడు నిమిషాల తేడా వస్తుందంతే, అదీ వెనక్కే గాని ముందుకు కాదు. గుండుగుత్తగా గంట ముందుకు జరిగిందంటే ఎవరో జరిపి ఉండాలి, లేదా టైమరే కావాలని జరుపుకుని ఉండాలి.

వాచ్‌మన్‌ను అడిగాను, గంట మార్చావా అని. "గంట జోలికి పోలేదు సార్, అది నాకు రాదు. ఈ బటన్ నొక్కితే వెలుగుతాయని చెప్పారు, ఇదొక్కటే నొక్కుతా" అని పెన్ను మూత చివరతో చూపించాడు. ఎందుకు నొక్కాల్సి వచ్చిందంటే, "పొద్దున అయిదింటికే ఆరిపోతున్నాయి. పాలవాళ్లు, పేపరువాళ్లు, వాకింగ్‌కి పోయే పెద్దోళ్లు అందరూ దిగేది అప్పుడే. మెట్ల మీద ఎవరైనా పడితే నన్నే అంటారు కదా" అన్నాడు. అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు.

తర్వాత సెక్రటరీ గారి ఫోన్లో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిపించి "లైట్లు" అని వెతికించాను. ఫిర్యాదుల రిజిస్టర్ ఏ అపార్ట్‌మెంట్‌లోనూ సరిగ్గా రాయరు, గ్రూపులో మాత్రం తేదీతో సహా తిట్లన్నీ ఉంటాయి. బి బ్లాకు లైట్ల మీద గొడవలు ఏడాదంతా చెదురుమదురుగా లేవు. ఏప్రిల్ మొదట్లో ఒక గుత్తి, అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో ఇంకో గుత్తి. ఎ బ్లాకు గురించి దాదాపు ఏమీ లేదు.

అక్కడితో విషయం తేలిపోయింది. యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు, అక్టోబర్ ఆఖరి ఆదివారం గంట వెనక్కు జరుపుకుంటారు, దీన్నే సమ్మర్ టైం అంటారు. ఆ టైమర్‌లో సమ్మర్ టైం సెట్టింగు డబ్బాలోంచి తీసేటప్పటికే యూరప్ పద్ధతిలో ఆన్ చేసి ఉంది. మనకు అలాంటిది లేదు, కాబట్టి మెనూలో ఆ పేజీ మన ఎలక్ట్రీషియన్లు ఎవరూ తెరవరు. మార్చి ఆఖర్న టైమర్ తనంతట తాను గంట ముందుకు జరిగింది. సాయంత్రం ఆరుంబావుకు వెలగాల్సినవి అయిదుంబావుకే వెలిగాయి, ఎండలో ఎవరూ గమనించలేదు. పొద్దున ఆరింటికి ఆరాల్సినవి అయిదింటికే ఆరాయి, అది మాత్రం అందరికీ తెలిసింది. వాచ్‌మన్ ఆన్ నొక్కాడు, అది పర్మనెంట్ ఆన్ కాబట్టి ఇక పగలూ రాత్రీ వెలుగే.

వెనకటేడు కూడా ఇదే జరిగింది. అప్పట్లో వచ్చిన ఎలక్ట్రీషియన్ గంట సరిచేసి, ఆటోలో పెట్టి వెళ్లిపోయాడు. సమ్మర్ టైం సెట్టింగు అలాగే ఉండిపోయింది, అక్టోబర్‌లో టైమర్ గంట వెనక్కు జరిగింది. అక్టోబర్ ఆఖర్లో హైదరాబాద్‌లో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది, లైట్లేమో ఏడుంబావుకు. టైమర్ పోయిందని నవంబర్‌లో కొత్తది వేశారు. నవంబర్‌లో సెట్ చేశారు కాబట్టి మార్చి దాకా బ్రహ్మాండంగా నడిచింది.

సమ్మర్ టైం ఆఫ్ చేసి, గంట సరిచేసి, ఆటోలో పెట్టాను. రూపాయి ఖర్చు లేదు.

అయినా సెల్లారు లైట్లు ఆరలేదు

మెట్ల లైట్లు ఆరాయి. సెల్లారు లైట్లకు వేరే టైమర్, తెరమీద రిలే గుర్తు ఆఫ్ చూపిస్తోంది, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఎంసీబీ దించి, టైమర్ నుంచి లోడు వైరు విప్పి, రిలే కాంటాక్టు రెండు కాళ్లకూ మల్టీమీటర్ పెడితే బీప్, అంటే రెండూ కలిసే ఉన్నాయి. ఆఫ్‌లో ఉన్న రిలే బీప్ అనకూడదు. కాంటాక్టు అతుక్కుపోయింది.

అక్కడున్నవి 18 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు, అరవై దాకా. లెక్కేస్తే 1,080 వాట్లు, అయిదు ఆంపియర్లు. టైమర్ మీద 16 ఆంపియర్లని రాసుంది కదా, మరి ఎందుకు పోతుంది? ఆ 16 హీటరు లాంటి లోడుకు. ఎల్‌ఈడీ డ్రైవర్ ప్రతిదానిలో ఒక కెపాసిటర్ ఉంటుంది, కరెంటు ఇచ్చిన క్షణంలో అది ఖాళీగా ఉండి ఒక్కసారిగా లాగుతుంది. మిల్లీసెకను కూడా పట్టదు, కానీ అరవై డ్రైవర్లు కలిసి ఆ క్షణంలో నడుస్తున్నప్పటికంటే ఎన్నో రెట్లు లాగుతాయి. సరిగ్గా అప్పుడే కాంటాక్టు మూసుకుంటూ ఉంటుంది, అక్కడ లోహం కరిగి అతుక్కుంటుంది. చాలా టైమర్ల కాగితంలో ఎల్‌ఈడీ లోడుకు వేరే అంకె ఉంటుంది, 16 ఆంపియర్ల లెక్కకంటే బాగా తక్కువ. ట్యూబులు పాత రకం నుంచి ఎల్‌ఈడీకి మార్చినప్పుడు బిల్లు తగ్గిందని అందరూ సంతోషించారు, కాంటాక్టు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఈ ఒక్క టైమర్ మాత్రం నిజంగా పోయింది, సెక్రటరీ గారు తెచ్చిన కొత్తది దీనికి పనికొచ్చింది. కానీ దాన్ని నేరుగా లైట్లకు కలపలేదు. మధ్యలో కాంటాక్టర్ పెట్టాం, అది కాయిల్‌కు కరెంటిస్తే మూసుకునే పెద్ద స్విచ్. టైమర్ ఆ కాయిల్‌ను మాత్రమే నడుపుతుంది, లైట్ల భారం కాంటాక్టర్‌ది. కాంటాక్టర్ పెద్దదే తీసుకున్నాం, లైట్లను రెండు సర్క్యూట్లుగా విడగొట్టాం. కాయిల్‌కు అడ్డంగా వోల్టేజి దెబ్బను మింగే ఆర్‌సీ సప్రెసర్ పెట్టాం, లేకపోతే కాయిల్ వదిలినప్పుడు పుట్టే ఆ దెబ్బకు పక్కనున్న డిజిటల్ టైమర్ల తెరలు అప్పుడప్పుడు పిచ్చిగీతలు చూపిస్తాయి.

కాంపౌండ్ లైట్లకు అస్ట్రానమికల్ టైమర్ వేశాం. ఊరి అక్షాంశం, రేఖాంశం ఇస్తే ఏ రోజుకారోజు సూర్యాస్తమయం తనే లెక్కేసుకుంటుంది. హైదరాబాద్‌కు 17.4, 78.5 ఇస్తే చాలు. మన దగ్గర జూలై మొదట్లో పొద్దు గూకేది ఆరూ యాభై దాటాక, నవంబర్ చివర్లో అయిదూ నలభైకే. గంటంబావు తేడా. ఒకే టైము పెడితే ఏడాదిలో సగం రోజులు తగువే. కొనేముందు టైం జోన్‌లో 5:30 తీసుకుంటుందా అన్నది చూసుకోవాలి. వానాకాలం మబ్బుల కోసం అస్తమయానికి పావుగంట ముందే వెలిగేలా పెట్టాం. సెన్సర్ మళ్లీ వేద్దామా అని ఒకాయన అడిగారు. మంచి చోటు చూసి పెడితే అది కూడా పనిచేస్తుంది, కానీ దుమ్ము తుడిచేవాళ్లు ఉండాలి, ఇక్కడ లేరు.

నీళ్ల మోటారు: గడియారంతో తేలే పని కాదు

నాకు ఎక్కువ సమయం పట్టింది దీనికే. ప్రోగ్రాం ఎంత మార్చినా కుదరకపోవడానికి కారణం, ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో గడియారానికి తెలియదు. మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు, వచ్చే గంట కూడా ఒకేలా ఉండదు. వేసవిలో బోరు తగ్గుతుంది. ఆదివారం వాడకం ఎక్కువ. సంక్రాంతికి సగం ఫ్లాట్లకు తాళాలు పడతాయి, ఆ నాలుగు రోజులూ ట్యాంకు పొర్లిపోతుంది. ఇవన్నీ వారం ప్రోగ్రాంలో ఇమిడేవి కావు.

మొదట తోచేది, మోటారును చిన్న చిన్న ముక్కలుగా, రోజుకు ఆరేడుసార్లు ఇరవై నిమిషాల చొప్పున తిప్పడం. కమిటీలో ఒకరు ఆ సలహాయే ఇచ్చారు, ఒక వారం నడిపి చూశాం. పొర్లడం తగ్గింది, కానీ సంప్ అడుగంటిన రోజు మోటారు ఉత్తినే తిరిగింది, ఎవరూ చూసుకోలేదు. నీళ్లు లేకుండా తిరిగితే సీలు కాలిపోతుంది. ఆ దారి వదిలేశాం.

నీటిమట్టాన్ని బట్టి మోటారును నడిపే లెవెల్ కంట్రోలర్ వేసి టైమర్ పూర్తిగా తీసేద్దామా? అదీ ఆలోచించాను. అప్పుడు మోటారు రాత్రి రెండింటికైనా లేస్తుంది, మోటారు గది గోడ అవతలే ఒక బెడ్‌రూం. కాబట్టి టైమర్ ఉండాలి, కానీ ఆజ్ఞ ఇచ్చేది అది కాదు. మోటారు తిరగాలా వద్దా అన్నది ట్యాంకూ సంపూ చెబుతాయి, టైమర్ ఇచ్చేది తిరగడానికి అనుమతి మాత్రమే, పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా. వైరింగులో చూస్తే పైట్యాంకు లెవెల్, సంప్ లెవెల్, టైమర్ కాంటాక్టు మూడూ వరసగా సిరీస్‌లో. వీటిలో ఏ ఒక్కటి కాదన్నా మోటారు ఆగుతుంది. పైట్యాంకులో అట్టడుగున ఇంకో సెన్సర్ పెట్టి, దాన్ని టైమర్ కాంటాక్టు ఒక్కదానికే ప్యారలల్‌గా కలిపాం. నీళ్లు మరీ అడుక్కు వెళ్తే అర్ధరాత్రయినా మోటారు తిరుగుతుంది, నిద్ర చెడినా ఫరవాలేదు. సంప్ ఖాళీ అయితే మాత్రం దేనికీ తిరగదు, ఆ ఒక్కదానికి బైపాస్ ఇవ్వలేదు.

ఒక జాగ్రత్త: సంప్‌లోకి 230 వోల్టులు దింపకండి. ఫ్లోట్ (నీళ్లమీద తేలే స్విచ్) కేబుల్ ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతుంది, సంప్ కడగడానికి దిగేవాడు మనిషి. తక్కువ వోల్టేజి సెన్సర్లతో వచ్చే లెవెల్ కంట్రోలర్ వాడాం.

జనరేటర్ ఎందుకు పడిపోయింది

దీంట్లో జనరేటర్‌ది గాని, టైమర్‌ది గాని లోపం లేదు. పాత డయల్ టైమర్ల రోజుల్లో మోటార్లను వాచ్‌మన్ పుష్ బటన్‌తో స్టార్ట్ చేసేవాడు. కరెంటు పోతే స్టార్టర్ వదిలేస్తుంది, వచ్చాక మనిషి వెళ్లి నొక్కితేనే మళ్లీ పడుతుంది. టైమర్ పెట్టాక ఆ అడ్డు పోయింది. టైమర్‌కు సొంత సెల్ ఉంది, గంట మరచిపోదు, సప్లై తిరిగి రాగానే ప్రోగ్రాం ప్రకారం ఆన్ కాబట్టి వెంటనే ఆన్ ఇస్తుంది. సాయంత్రం ఆరున్నరకు రెండు మోటార్లు, రెండు బ్లోయర్లు, లైట్లన్నీ ఆన్ టైములోనే ఉంటాయి. జనరేటర్ లోడు తీసుకున్న అదే సెకనులో అన్నీ ఒక్కసారి లేస్తాయి. 5 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటే, నేరుగా స్టార్ట్ చేసేటప్పుడు దానికి ఆరేడు రెట్లు లాగుతుంది. నాలుగూ కలిసి లాగితే ఆ సైజు జనరేటర్ తట్టుకోదు, పైగా అప్పుడే లిఫ్టులు కూడా.

పల్లెల్లో వ్యవసాయ మోటార్ల ఆటోస్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును వాటంతటవే స్టార్ట్ చేసేవి) తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసింది. నీళ్లు వృథాగా పోతాయన్నది ఒకటి, కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ల మీద పడే భారం ఇంకొకటి. ఇక్కడ జరిగింది కూడా అదే, సెల్లారులో.

ప్రతి మోటారు కంట్రోల్ సర్క్యూట్‌లో ఆన్ డిలే టైమర్ (కరెంటు వచ్చాక కొన్ని సెకన్లు ఆగి ఆన్ చేసేది) ఒకటి పెట్టాం, 15, 30, 45, 60 సెకన్ల తేడాతో. లైట్లు వెంటనే, తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి. జనరేటర్ నడుస్తున్నంతసేపు ఒక బ్లోయరు, ఒక మోటారు అసలు లేవకుండా ఇంటర్‌లాక్ ఇచ్చాం. పెద్ద జనరేటర్ కొందామన్న కొటేషన్ అప్పటికే కమిటీ చేతిలో ఉంది, దాన్ని పక్కన పెట్టారు.

బ్లోయర్లు

రాత్రి పదకొండు నుంచి అయిదు దాకా బ్లోయర్లు ఆపే ప్రోగ్రాం పెట్టమని అడిగారు. పెట్టలేదు. ఎస్టీపీలో మురుగును తినే బ్యాక్టీరియాకు గాలి కావాలి, ఆరు గంటలు ఆపితే పొద్దున సెల్లారంతా కంపు, దాని మీద ఇంకో గొడవ. ఆపరేటర్‌తో కూర్చుని, రాత్రి ఒక్క బ్లోయరే, 45 నిమిషాలు ఆన్, 15 నిమిషాలు ఆఫ్ అని తేల్చుకున్నాం. చప్పుడుకు మందు టైమర్‌లో లేదు, బ్లోయర్ కింద రబ్బరు ప్యాడ్లు, పైన కవచం వేయించాక తగ్గింది.

వాచ్‌మన్ బటన్

ఇవన్నీ చేసి ప్యానెల్‌కు తాళం వేసుకుంటే సరిపోదు. అర్ధరాత్రి అంబులెన్స్ వచ్చినా, ఎవరో సామాను దించుకున్నా, సెల్లారులో మొత్తం లైట్లు కావాలి, అది న్యాయమైన అవసరమే. ఆ అవసరానికి వేరే దారి లేకపోతే అతను మళ్లీ టైమర్ బటనే నొక్కుతాడు, మళ్లీ పర్మనెంట్ ఆన్. సెలెక్టర్ స్విచ్ పెట్టినా అంతే, తిప్పినవాళ్లు వెనక్కి తిప్పరు. అందుకని ప్యానెల్ బయట ఒక పుష్ బటన్ పెట్టాం, నొక్కితే అరగంట వెలిగి వాటంతటవే ఆరతాయి. టైమర్ల కీప్యాడ్ లాక్ చేశాం. తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించాం: ఏ టైమర్ దేనిది, ప్రోగ్రాం ఏమిటి, సమ్మర్ టైం ఆఫ్, గంట ఎప్పుడు సరిచూశారు.

మార్చి ఆఖరి ఆదివారాలు, అక్టోబర్ ఆఖరి ఆదివారాలు తర్వాత కూడా వచ్చాయి, పోయాయి, బి బ్లాకు గ్రూపులో లైట్ల మాట లేదు. ఈ మధ్య కమిటీవాళ్లు వైఫై టైమర్లు వేద్దామా, ఫోన్లోంచే చూసుకోవచ్చు కదా అని అడిగారు. గంట తనే సరిచేసుకుంటుంది, అది లాభమే. కానీ సెల్లారులో సిగ్నల్ అంతంతమాత్రం, రూటర్ పాస్‌వర్డ్ కమిటీ మారినప్పుడల్లా మారుతుంది. గార్డెన్ లైట్ల వరకు ఒకటి వేసి చూడండి, మోటార్లకు వద్దన్నాను. బోరు మోటారును మాత్రం ఇంకా ఏ టైమర్ మీదికీ ఎక్కించలేదు. వేసవిలో అది ఎంతసేపు నీళ్లిస్తుందో ఈసారి రోజూ రాసిపెట్టమన్నాం, ఆ లెక్క చేతికొచ్చాక చూడాలి.